రేణుకమ్మ కథకు ముగింపు

“రైలు ఆగేసరికి గార్డు పాలు తాగే పసిపోరడు అయిపోయిండు!” అంటూ ప్రమీలమ్మ కొంగు కింది నుంచి పుస్తకం తీసి చాప మీద పడేసింది.

అందరూ పకపక నవ్వారు. భూమి లోపలి నుంచి పోయే రైలు కథ అది. ఎంత దూరం పోతే ప్రయాణికుల వయసు అంత తగ్గుతుంది. ప్రమీలమ్మ భర్త బోధన్ రైల్వే స్టేషన్లో గుమాస్తా. రైలు డబ్బాల్లో ప్రయాణికులు మరిచిపోయిన ఇంగ్లీషు పత్రికలన్నీ చివరికి ఆమెకే చేరతాయి.

ప్రతి గురువారం మధ్యాహ్నం అనసూయమ్మ ఇంటి వెనక వసారాలో సైన్సు కథలు చదివేవాళ్లు కూడతారు. ఎవరు ఏం చదువుతున్నారో చెప్పాలి. నియమం ఒక్కటే: కథ ముగిసేదాకా పుస్తకం కొంగు కిందే ఉండాలి, ముగియగానే చూపించాలి. ఒకసారి రాధాబాయి ప్రమీలమ్మ పుస్తకం లాక్కొని చివరి పేజీ ముందే చదివి బయటపెట్టింది. అప్పటి నుంచి ఈ కట్టడి.

“ఇగ నీ వంతు రేణుకా. పోయిన వారం సగంల ఆపినవు,” అంది అనసూయమ్మ, మురుకుల పళ్లెం ముందుకు జరిపి.

రేణుకమ్మ ఎడమచెయ్యి చాపింది.

“ఎడమచేత్తో తీసుకుంటవేంది పిల్లా?” అంది రాధాబాయి. “కుడిచేత్తో పుస్తకాన్ని గంత గట్టిగ పట్టుకోకు. నేనేం గుంజుకుపోను.”

రేణుకమ్మ నవ్వింది. ఆమె కొత్తగా వచ్చి చేరింది. ఆమె భర్త ఈ ఎండాకాలమే బోధన్లో మందుల దుకాణం పెట్టాడు. గురువారం గురువారం తనే వెంట తీసుకొచ్చి, కథలయ్యేదాకా ముందటి అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు.

“నీ మొగడు దేవుడమ్మా,” అంది రాధాబాయి. “మా ఆయనైతే నేను పుస్తకం పడితే చాలు, పొయ్యి ఆరిపోయిందని లొల్లి పెడతడు. సరే, జల్ది చెప్పు. ఆ సైంటిస్టు పెండ్లాం చచ్చిపోయింది. ఇంకో పిల్లను తెచ్చి అచ్చం ఆమె లెక్కనే తయారు చేస్తున్నడు. అంతదాకా చెప్పినవు.”

“పన్ను పీకిండు. మొదటామెకు ఏ పన్ను లేదో గదే,” అంది రేణుకమ్మ మెల్లగా. “మందులిచ్చి సన్నగ చేసిండు. ఆమె పేరు పెట్టి పిలుస్తడు. పలకకుంటే ఆ పూట అన్నం లేదు.”

“జర గట్టిగ చెప్పు, ఇనవడ్తలేదు.”

రేణుకమ్మ వాకిలి వైపు చూసింది. గొంతు మాత్రం పెంచలేదు. “మొదటామె ముంజేతి మీద బెల్లం పాకం పడి కాలిన మచ్చ ఉండె. మామిడిపిందె లెక్క. ఈ పిల్లకు గూడ గట్లనే పెట్టిండు.”

“ఒక్కతీరుగ ఎట్లొస్తది?” అనసూయమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. “సైన్సు కథంటే లెక్క కుదరాలె.”

“ఇనుప తీగెను ఆ వంపుకు వంచి, ఎర్రగ కాల్చి పెట్టిండక్కా. మొదటిసారి సరిగ్గ రాలే. మానినంక మళ్ల పెట్టిండు.”

“అబ్బ! గదీ కథంటే,” రాధాబాయి ముందుకు జరిగింది. “మరి ఆఖరుకేమైతది?”

“పత్రికల ఆఖరు భాగం ఇంక రాలే. చదివేటోళ్లనే చెప్పుమన్నరు.” రేణుకమ్మ ఒక్కొక్కరి ముఖం చూసింది. “ఆ పిల్ల బతకాలె. ఎట్ల బతుకుతదో మీరే చెప్పాలె.”

“రైలెక్కి పోతది,” అంది ప్రమీలమ్మ వెంటనే.

“గడప దాటితే ఎంబడి ఆయన ఉంటడు.”

“తల్లిగారింటికి కబురు పెట్టుమను.”

“అవ్వ లేదు, బాపు లేడు. మేనమామ పిల్లనిచ్చి చేతులు దులుపుకున్నడు.”

“అయితే ఇరుగుపొరుగోళ్లకు చెప్పుకోవద్దా?” అంది అనసూయమ్మ.

“చెప్తనే ఉన్నదక్కా. వాళ్లకింక సమజైతలేదు.”

రాధాబాయి పెద్దగా నవ్వింది. “అంత తెలివి లేనోళ్లు ఏ ఊర్లుంటరే? రాసినోనికి లోకం తెల్వదు!”

“అవును, గాడ కథ పలచబడ్డది,” అని అనసూయమ్మ తేల్చింది. “సరే, మొదటామె ఎట్ల చచ్చిపోయింది?”

“బాయిల పడ్డదని చెప్తడు. ఆ తిథి దగ్గరికొస్తున్నది.”

“ఇంకేంది మరి!” రాధాబాయి తొడ చరిచింది. “అదే తిథికి, అదే బాయిల ఈమె గూడ పడాలె. అప్పుడే నకలు పూర్తయితది. అంతకంటె మంచి ముగింపు ఉండదు.”

“పాపం, బతికిస్తే ఏం పోతది?” అంది ప్రమీలమ్మ.

“బతికిస్తే కథ ఖరాబైతది,” అంది అనసూయమ్మ. “రాధ చెప్పిందే సరైంది. చావాలె.”

రేణుకమ్మ కళ్ల నుంచి నీళ్లు కారాయి.

“సూడుండ్రి, కథల పిల్ల కోసం ఏడుస్తున్నది!” రాధాబాయి ఆమె బుగ్గ గిల్లింది. “పిచ్చి పిల్ల.”

వాకిట్లో దగ్గు వినిపించింది. రేణుకమ్మ చటుక్కున లేచింది. అందరూ ఆమె వెంట గడప దాకా వచ్చారు. ఆమె భర్త పేపరు మడిచి, లేచి నమస్కారం చేశాడు.

“కథ అయిపోయిందా అక్కా?”

“మేమే ముగించినం తమ్మీ,” అంది అనసూయమ్మ. “ఆ పిల్ల బాయిల పడి చావాలని తీర్పు.”

“మంచి ముగింపు,” అన్నాడాయన వినయంగా.

“ఆగాగు!” రాధాబాయి రేణుకమ్మకు అడ్డం వచ్చింది. “కథ ముగిసింది గద? నియమం నియమమే. పుస్తకం చూపియ్యి!” అంటూ కొంగు పట్టి లాగింది.

కొంగు కింద పుస్తకం లేదు, ముంజేతి మీద మామిడిపిందెలా కాలిన మచ్చ ఉంది.