వంతెన మీద అలుగు

వారం రోజుల వానకు కొండ మీది మట్టి జారిపోతోంది. జంతువులు ప్రాణాలు దక్కించుకోవాలంటే, లోయ మీద ఎత్తుగా వేలాడే తీగల వంతెన దాటాలి. దాని మీద ఒకసారికి ఒక్కరే నడవగలరు.

ముందుగా, ఒంటినిండా పొలుసులుండే అలుగు బయల్దేరింది. సగం దూరం వెళ్ళేసరికి వంతెన ఊగింది. అలుగు ఆగిపోయింది.

"ఆగకు, నడు!" అని గట్టు మీంచి అడవిపంది అరిచింది. ఆ అరుపుకు అలుగు ఉలిక్కిపడి ఉండచుట్టుకుపోయింది.

కాసేపటికి మెల్లగా తల బయటపెట్టింది.

"ఏం భయం లేదు, పద!" అని పంది ఇంకా గట్టిగా అరిచింది. అలుగు మళ్ళీ ముడుచుకుంది.

జారే మట్టి, గట్టు మీద తన వంతు కోసం చూస్తున్న పునుగుపిల్లి తోకదాకా వచ్చింది. "నీ కేకలకే అది ముడుచుకుంటోంది మామా! కాసేపు నోరు మూసుకో," అంది పునుగుపిల్లి విసిగిపోయి.

"నేను నోరు మూసుకుంటే దానికి ధైర్యం ఎవరు చెప్తారు?" అంటూ పంది గొంతు పోయేదాకా అరిచింది. చివరికి గొంతు పోయింది.

అరుపులు ఆగగానే అలుగు విచ్చుకుని, గోళ్ళతో తీగలు పట్టుకుంటూ అవతలికి చేరింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దాటారు.

"చూశావా? నేనంతలా అరవబట్టే అది కదిలింది," అంది పంది బొంగురుగా.

పునుగుపిల్లి నెత్తి కొట్టుకుంది. ఎదురుగా దాటాల్సిన వంతెన ఇంకోటి ఉంది. పంది అప్పుడే గొంతు సవరించుకుంటోంది.