తొడ మీద రెండు మచ్చలు

"ఇవి కాలిన గుర్తుల్లా ఉన్నాయి. ఎవరు కాల్చారు?" అని అడిగింది డాక్టరమ్మ.

రెండేళ్ల చిట్టి తొడ మీద రెండు మచ్చలు. గుండ్రంగా, మధ్యలో నల్లగా మాడినట్టున్నాయి. దాన్ని అడుగుదామంటే ఇంకా మాటలు రావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తండ్రి చెయ్యి సిగరెట్ పెట్టె ఉన్న జేబు మీదికి పోయింది. తల్లి అది చూసింది. అంతే, ఆమెకు లోపలంతా మొద్దుబారిపోయింది. ఏడుపు కూడా రాలేదు.

పుండులోంచి రసి తీసి పరీక్షకు పంపుతామనీ, ఫలితానికి మూడు రోజులు పడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఈలోగా ఎవరూ నోరు విప్పకపోతే పిల్లల సంరక్షణ అధికారులకు కబురు పెట్టక తప్పదట. వాళ్లొస్తే చిట్టిని తీసుకుపోతారు.

చిట్టిని వార్డులో చేర్చుకున్నారు. మంచానికి చెరో పక్కా కూర్చున్నారే గాని మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఉద్యోగం పోయి, ఆమె ఇంట్లో రేడియోలు బాగుచేసిన డబ్బులతో ఇల్లు నడుస్తున్న దగ్గర్నుంచీ ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటోంది. ఏదో పాడు క్షణంలో చేసుంటాడు అనుకుంది ఆమె. ఇక మీదట పిల్లను ఆయన దగ్గర ఒంటరిగా వదలకూడదనుకుంది. అలాగని కాపురం కూల్చుకోనూ లేదు, పిల్లను పోగొట్టుకోనూ లేదు.

మర్నాడు ఒక్కతే వెళ్లి డాక్టరమ్మ ముందు నిలబడింది.

"నేనేనండీ. రేడియోకి టంకం వేస్తుంటే ఒళ్లోకొచ్చింది. వేడి కడ్డీ రెండు చోట్ల తగిలింది."

డాక్టరమ్మ రాసుకుంది. ఈమె సంతకం పెట్టింది.

మూడో రోజు సాయంత్రం ఆమెకు పిలుపొచ్చింది.

"అవి కాలినవి కావమ్మా. ఒకరకం సూక్ష్మక్రిమి. నిలవ నీళ్లలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు సోకడం చాలా అరుదు. అందుకే పొరబడ్డాను. మందుకు తగ్గిపోతుంది."

సంతోషించాలని ఆమెకు తెలుసు. సంతోషం మాత్రం రాలేదు, కట్టుకున్నవాణ్ని అంత మాట అనుకున్నానే అన్న సిగ్గు తప్ప.

"నా కాగితం చింపెయ్యండి. ఆయన్ని అనుమానించానని ఆయనకు తెలియనివ్వకండి," అంది మెల్లగా.

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. అందులో రెండు కాగితాలున్నాయి.

"ఇందాక ఫలితం చెప్పగానే మీ ఆయన కూడా, తన సిగరెట్ తగిలిందని రాసిచ్చిన కాగితం చింపెయ్యమన్నారు. మిమ్మల్ని అనుమానించినట్టు మీకు తెలియకూడదట."