గురువులు గారి పాకం

“ఇది పాకమేటి బావూ? గెంజి! సుబ్బరంగా వార్చిన గెంజి!”

మిఠాయి కొట్టు గురువులు మాటకి ఉమామహేష్ నీరుగారిపోయాడు. ద్వారకా నగర్‌లోని ఆ యానిమేషన్ ఆఫీసులో చేరి మూడు నెలలే. ఆ కొట్టు ప్రకటన కోసం కంప్యూటర్లో బెల్లంపాకం పొంగించమంటే ఇప్పటికి మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ పెద్దాయన పెదవి విరిచాడు. “ఈ పూట ఆయన్ని ఒప్పించలేకపోతే రేపట్నుంచి రాకు” అని ఓనరు త్రినాథరావు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

“పోనీ, నిజం పాకమే కెమెరాతో తీయించుకోవచ్చు కదండీ!” అన్నాడు ఉక్రోషంగా.

“ఏదీ? ఎలమంచిల్లో సెరుకు తోటా పోయింది, బెల్లం వండే పెనమూ పోయింది. మద్దిలపాలెంలో మిఠాయి కొట్టు మిగిలింది. టీవీలో ప్రకటన ఒట్టి వంక బావూ. మా అయ్య కాసిన పాకం మళ్లీ ఒక్కపాలి సూడాలని...”

పాపం అనిపించింది ఉమామహేష్‌కి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఎలా ఉండేదో చెప్పండి.”

“నీళ్లలాగ దూకదు. గరిటెత్తితే బద్దకంగా జారతాది. కింద పడ్డా ఎంటనే కలవదు, మడత మీద మడత పడి అప్పుడు కలుస్తాది. బుడగ ఉబ్బుతాది గానీ ఓ పట్టాన పగల్దు. రంగు తిరిగిందా, అయ్య ఒకటే కేక, ‘మంట లాగరా!’ అని. నాను వంగి పొయ్యిలో మండుతున్న సెరుకు పిప్పి బయటికి లాగీసీవోణ్ణి. రెప్పపాటు ఆలీసమైతే పెనమంతా మాడిపోద్ది. ఓపాలి మాడ్సీసినాను. అయ్య ఏడిసేడు.”

ఉమామహేష్ చిక్కదనం అంకె పదింతలు చేశాడు. బుడగల జోరు తగ్గించాడు. బటన్ నొక్కాడు.

“నాలుగు గంటలు పడుతుందండీ. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి.”

“పాకం కాగడానికీ అంతేలే.”

రెండు వేల మూడు నాటి కంప్యూటర్ మరి, ఎడ్లబండి నడక. తెరమీద ఒక్కో బొమ్మా తాపీగా మారుతోంది. గురువులు స్టూలు మీంచి కదల్లేదు. టీ ఇస్తే తాగలేదు. పసుప్పచ్చని పాకం మెల్లగా బంగారు రంగుకి తిరిగింది. అంచున ఓ బుడగ ఉబ్బింది.

“ఇంకో పది నిమిషాలే!” అంటూ ఉమామహేష్ ఓనర్ని పిలవడానికి గుమ్మందాకా వెళ్లాడు.

వెనకాల స్టూలు పడ్డ చప్పుడు. తిరిగి చూస్తే తెర నల్లగా ఉంది.

“గురువులు గారూ! ఏం చేశారండీ!”

బల్లకింద దూరిన అరవయ్యేళ్ల మనిషి, ఊడబెరికిన కరెంటు వైరు గుప్పిట్లో పట్టుకుని, చెమటలు కక్కుతూ తలెత్తాడు.

“లాగీసినాను అయ్యా! ఈపాలి మాడనివ్వలేదు!”