సూదిపని

మా అరబ్బు యజమాని, కఫీల్, కదలకుండా పట్టుకున్న డేగ కనురెప్పల మీది ఆఖరి కుట్టు విప్పింది సాయికుమారి. దాన్ని వల వేసి పట్టినవాడు, అది బెదరకుండా కళ్లు కుట్టేసి కఫీల్‌కు అమ్మాడు.

"చూపు పోలేదండి అన్నయ్యగారూ. నన్నే చూస్తంది," అంది.

గల్ఫ్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌ పేటలోని ఆ ఇంట్లో ఆమె పనిమనిషి, నేను గుమాస్తాను. అరబ్బీ మాటలు ఆమెకు తెలుగులో చెప్పేదీ నేనే.

కఫీల్ మెచ్చుకున్నాడు. వచ్చే నెల వేట కాగానే ఆమెను ఇంటికి పంపిస్తానన్నాడు. డేగ తలకు తోలుటోపీ తొడిగి, గోనెసంచిలోంచి ఇంకో పిట్టను తీశాడు. హుబారా. మన బట్టమేక పిట్టకు చుట్టం.

"దీని కళ్లు కుట్టమను. డేగకు వేట నేర్పాలి. చూపుంటే ఇది తప్పించుకుంటుంది."

 ఆ మాటే ఆమెకు చెప్పాను.

"ఛీ, నేను చెయ్యనండి. ఇంటికి పంపకపోతే మానె. చెప్పెయ్యండి."

"ఆమెకు చూపు ఆనదట," అన్నాను అరబ్బీలో.

కఫీల్ ఆమె విప్పిన దారపు పోగులు చూశాడు. నా కళ్లద్దాలు చూశాడు. నవ్వి, సూది నా చేతిలో పెట్టాడు.

"అయితే నువ్వు కుట్టు. యల్లా, కానీ."

పిట్ట రెప్ప దగ్గర సూది పెట్టాను. సూదిమొన రెప్ప తప్పి కనుగుడ్డు మీదికి జారబోయింది.

సాయికుమారి నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇలా ఇచ్చెయ్యండి. మీరు గుడ్డు పొడిచేస్తారు."

కఫీల్ మళ్లీ నవ్వాడు. ఆమె అతనివైపు చూడలేదు. పిట్ట తలను అరచేతిలో పొదువుకుంది.

"ఒక్క కుట్టేనమ్మా, ఒక్కటే," అని దానికి అబద్ధం చెబుతూ మొదటి కుట్టు వేసింది.