వంటింటి చరణం

“నాయనా, ఈ చరణం నువ్వు కట్టింది కాదు,” హెడ్‌ఫోన్ తీస్తూ అంది రమ్య.

తండ్రి సదానందం ఇంట్లో రికార్డు చేసుకున్న పాత క్యాసెట్లను ఆమె కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. ఇప్పుడు వింటున్నది వరంగల్‌లో అతనికి పేరు తెచ్చిన పాట. బాణీ నాదేనని ప్రతి వేదిక మీదా చెప్పుకున్నాడు.

రమ్య స్పీకర్ పెట్టింది. టేపులో ముందు వంటింట్లోంచి తల్లి శకుంతల అదే చరణాన్ని కూనిరాగం తీయడం వినిపించింది. దాన్ని తడుముకుంటూ వెనక అతని హార్మోనియం.

పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్న భార్యను అడిగాడు సదానందం.

“నీకు యాదికున్నదా?”

“ఎందుకు లేదు? రికార్డు ఖరాబైతాందని ఆనాడే వంటింటి తలుపు పెట్టినవ్.”

ఆమె ముఖంలోకి చూడలేక, కంప్యూటర్ పక్కనున్న మైకు ఆమె ముందుకు జరిపాడు. “ఇప్పుడు జర పాడు.”

“పాడుడు అప్పుడే బంద్ చేసిన గదా,” అంది శకుంతల మామూలుగా.