ముసలమ్మ తలగుడ్డ

"చిక్కింది మామా! మొన్నటికీ ఇవాళ్టికీ అంచు లోపలికి పోయింది, కావాలంటే చూడు."

వుక్సాన్ చాపిన దుర్భిణిని ఓబ్రెన్ అందుకోలేదు. వాకిట్లో బల్ల మీద కూర్చుని మోకాళ్ళకు మందు రాసుకుంటూనే, "అల్లుడివి కాకముందే నా కళ్ళకు పని చెప్పకు. తలగుడ్డ ఉందా, లేదా?" అన్నాడు.

"ఉంది."

"ఉంటే ఇంటికి పో."

ముసలమ్మ తలగుడ్డ అంటే ఊరి నెత్తిన నిలిచిన శిఖరం మీద, ఉత్తరపు చీలికలో, వేసవి చివరిదాకా మిగిలే మంచుముక్క. దుర్మితోర్ కొండల్లోని ఆ ఊరు ఏ సుల్తానుకూ తల వంచలేదని చెప్పుకుంటుంది గానీ, ఆ మంచుముక్క ముందు మాత్రం తరతరాలుగా సాష్టాంగపడే ఉంది. పిల్లనిస్తానని మాట ఇచ్చిన తండ్రి గడువు పెట్టేది దానితోనే. తలగుడ్డ పూర్తిగా కరిగిన రోజు పెళ్ళి. కరగకముందే కొత్త మంచు కురిసిందా, మరో ఏడు ఆగాలి. మూడో ఏడు కూడా కురిసిందా, మాట రద్దు. ఆ ఇంటి గడప ఆ వరుడు మళ్ళీ తొక్కరాదు. ఈ మహాశాసనానికి తండ్రి, వరుడు, శిఖరం ఉంటే చాలు. నాలుగో మనిషి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

వుక్సాన్‌కు ఇది మూడో ఏడు.

తారా నది మీద రబ్బరు పడవల్లో పట్నవాసులను ఎక్కించి, తడిపి, కేకలు పెట్టించి, ప్రాణాలతో ఒడ్డుకు చేర్చే ఘనకార్యం అతనిది. ఆ నదిని నింపేదే కొండ మంచు. అన్నం పెట్టే మంచులో ఒక ముక్క చావు కోరే పడవవాడు లోకంలో తానొక్కడేనని అతనికి తెలుసు. తోటివాళ్ళకూ తెలుసు. "ఏరా పెళ్ళికొడకా, నీళ్ళింకా చల్లగానే ఉన్నాయి! నీ పెళ్ళాం కొండ మీదే గడ్డకట్టినట్టుంది!" అని తెడ్లతో నీళ్ళు చిమ్మేవారు.

అందుకే తీరిక దొరికినప్పుడల్లా పొయ్యి బూడిద సంచికెత్తుకుని కొండెక్కేవాడు. బూడిద పడ్డ మంచు ఎండను పీల్చుకుని త్వరగా కరుగుతుంది. శాసనం దీన్ని నిషేధించలేదు. శాసనకర్తలలో ఎవరికీ ఇంతటి ప్రేమ పుట్టి ఉండదు.

ఈ రహస్యం ఒక్క యగ్లికాకే చెప్పాడు. ఓబ్రెన్ కూతురు ఆమె. సరదాకి శిఖరమెక్కాలని వచ్చేవాళ్ళను నడుముకు తాడు కట్టి తీసుకువెళ్ళి, దింపుకు వచ్చేది ఆమే.

"మళ్ళీ ఎప్పుడు పోతున్నావు?" అని అడిగింది యగ్లికా.

"శనివారం."

"జాగ్రత్త. రాళ్ళు జారుతున్నాయి. నాకు చెప్పకుండా మాత్రం ఎన్నడూ వెళ్ళకు."

వుక్సాన్ గుండె తలగుడ్డకంటే ముందే కరిగిపోయింది. "పెళ్ళయ్యాక నీకీ కొండల పాట్లు ఉండవులే. లోయలోనే ఇల్లు. మా పడవలవాళ్ళకు వంట చూసుకుంటే చాలు. పొయ్యి కూడా కొత్తది కొన్నాను."

"నా గురించి ఎంత ఆలోచించావు, వుక్సాన్!" అంది ఆమె, తాడు చుట్టలు చుడుతూ.

శనివారం పైకెక్కి చూస్తే, అంతకుముందు చల్లిన బూడిద కనిపించలేదు. మంచంతా మందంగా గడ్డి పరిచి ఉంది, గాలికి ఎగరకుండా పైన రాళ్ళు. గడ్డి కింద మంచుకు ఎండ సోకదు. అతను గడ్డి తీసి పారేసి బూడిద చల్లాడు. మరోసారి వచ్చేసరికి మళ్ళీ గడ్డి.

"మీ నాన్నే!" అని యగ్లికా దగ్గర మండిపడ్డాడు. "మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుందని, మంచును దాస్తున్నాడు."

"నాన్నా? ఆ మోకాళ్ళతోనా?" అంది యగ్లికా. "ఏమో. ఎవరినని నమ్ముతాం."

సెప్టెంబరు వచ్చింది. ఉత్తరాన మబ్బు చేరింది. రేపో ఎల్లుండో కొత్త మంచు తప్పదు. ఆ బుధవారం వుక్సాన్ పడవలను తోటివాళ్ళకు ఒదిలేసి, ఎవరికీ చెప్పకుండా, సంచితో కొండెక్కాడు. గడ్డి కింద తలగుడ్డ బల్ల మీద పరిచే గుడ్డంత మిగిలింది. బండ వెనక నక్కి కూర్చున్నాడు.

ఎంతోసేపు కాలేదు. అవతలి వాలు మీంచి మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, భుజాన మూటతో ఒక ఆకారం వచ్చింది. ఓబ్రెన్.

"దొరికావు మామా!"

ఓబ్రెన్ ఉలిక్కిపడ్డాడు. మూట జారి మూతి విప్పుకుంది. నల్లగా ఒలికింది బూడిద.

"బూడిదా?" అన్నాడు వుక్సాన్.

"కాకపోతే పిండా? నేను మోకాళ్ళు అరగదీసుకుని ఇది మోస్తుంటే, నువ్వు గడ్డి కప్పుతావా? పిల్లనడిగి, తీరా పెళ్ళికి జడుస్తావా పిరికిపందా!"

"నేనా!" వుక్సాన్ తన సంచి విప్పి ముందుకు తోశాడు.

ఓబ్రెన్ లోపలికి తొంగిచూసి, మంచు మీదే కూలబడ్డాడు. వుక్సాన్ పక్కనే చతికిలబడ్డాడు. "నీకెందుకు మామా ఇంత తొందర?"

"సారా సీసాకు తాళం వేసిందిరా నా కూతురు. పొగాకు ఏ మూల దాచినా పట్టేస్తుంది. పొద్దున మందు, మాపు మందు, మధ్యలో ఉప్పులేని పులుసు. నువ్వు వయసులో ఉన్నావు, తట్టుకుంటావు."

శత్రుసేనలు రెండూ ఒకే రాజువని తేలిన రణరంగంలా ఉంది ఆ చోటు. మామా అల్లుళ్ళు కౌగిలించుకున్నారు. గడ్డిని లోయలోకి తోసి, రెండు సంచుల బూడిదా కుమ్మరించారు. అంతలో కింద మలుపులో గాడిద గంట వినబడింది.

"వస్తున్నాడు దొంగవెధవ!" ఓబ్రెన్ చేతికర్ర బిగించాడు. "ఎవడైనా సరే, కాళ్ళు విరగ్గొడదాం."

ఇద్దరూ బండ వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

గాడిద మీద గడ్డిమోపుతో ఎక్కి వచ్చింది యగ్లికా.