పదకొండు జవాబులు

గేటు బయట ముసలాయన మళ్ళీ వచ్చాడని తెలిసి పెద్ద మేడం కుర్చీలోంచి లేచింది.

ఇది నాలుగో రోజు.

"ఏం చేస్తున్నాడు?"

"ఏముందమ్మా, చెక్కపెట్టె ముందేసుకుని కూర్చుంటాడు. ఇంటర్వెల్లో పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి ఎదురు షాపు బోర్డు చదవమంటాడు. ఏదో రాసుకుంటాడు," అంది ఆయమ్మ.

"చదివించడానికి మనం లేమా?"

"మనం చదివిస్తే సగం మార్కులు కూడా రావట్లేదు కదమ్మా."

పెద్ద మేడం ఆ మాట వినలేదు. వినకపోవడంలో ఆవిడకి ఇరవయ్యేళ్ళ సర్వీసుంది.

ఎల్లుండే పరీక్ష. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు. సగటు సగం దాటకపోతే బడికి తాళం అని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

ఆ రోజు నుంచి బడిలో ఆటల్లేవు, పాటల్లేవు, తుమ్ములు కూడా ఇంటర్వెల్లోనే. టైం వేస్టని పేర్లు తీసేసి నంబర్లిచ్చారు. ఐదో తరగతిలో ఇరవై మంది, ఒకటి నుంచి ఇరవై.

ఓ పిల్ల ఇంట్లో కూడా "అమ్మా, నాలుగో నంబరుకి ఆకలేస్తోంది" అంటోందట.

"ఆ నాలుగో నంబరూ అక్కడే ఉందా? బోర్డు చూసి రాయవే అంటే పక్కదాని నోట్సు చూసి రాస్తుంది, కాపీ దొంగ!" అంటూ మేడం గేటు దగ్గరికి నడిచింది.

ముసలాయన చేతిలో కాగితం లాక్కుంది.

4 – 2

7 – 3

9 – 1

అలా పదకొండు వరసలు.

మేడం గుండె ఒకసారి ఆగి, మళ్ళీ బయల్దేరింది. ముందు ప్రశ్న నంబరు, పక్కన జవాబు నంబరు. పేపరు లీకైంది!

"ఎవరి కోసమయ్యా ఇది?"

"మీ పిల్లల కోసమేనమ్మా. పరీక్షలోపు అందాలి. లేకపోతే పాపం ఎంత చదివినా లాభం లేదు."

"ఎంత ధైర్యం! పోలీసుల్ని పిలవనా?"

"వద్దమ్మా, పోతాను. ఆ కాగితం ఇప్పించండి, దాంతో పనుంది."

"నాకూ ఉంది!"

ఆ మాట నోరు జారి వచ్చేసింది.

ముసలాయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. మేడం కాగితాన్ని సాక్ష్యంగా బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ తాళం గంటసేపు నిజాయితీగా ఉంది.

మర్నాడు ఐదో తరగతి మొత్తం గొంతెత్తి వల్లించింది. "నాలుక్కి రెండు! ఏడుకి మూడు! తొమ్మిదికి ఒకటి!"

"ప్రశ్నలేవమ్మా?" అంది ఆయమ్మ.

"ప్రశ్నలతో మనకేం పని?"

సాయంత్రానికి ఆ జవాబులు వీధి కుక్కలకి కూడా వచ్చేశాయి.

పరీక్షయిన వారానికి ఫలితాలొచ్చాయి. ఇరవై మందికీ ఆ పదకొండూ తప్పే. కళ్ళు మూసుకుని టిక్కు పెట్టినా రెండు మూడు తగిలేవి.

పై ఆఫీసు మనిషి తాళం పట్టుకుని వచ్చాడు. పిల్లలు సంచులతో వరండాలో నిలబడ్డారు.

అప్పుడే ఆయమ్మ ఓ అట్టపెట్టె తెచ్చింది.

"ఆ ముసలాయన ఇచ్చి వెళ్ళాడమ్మా. కాగితం మీ దగ్గరే ఉండిపోయిందట. గుర్తు తెచ్చుకుని చేసేసరికి లేటయిందట, ఏమీ అనుకోవద్దన్నాడు."

మేడం మూత తీసింది.

పదకొండు కళ్ళజోళ్ళు.

పైనున్నదానికి దారంతో చీటీ కట్టి ఉంది. "నాలుగో నంబరు పాప. పవరు రెండు."

మేడం పెట్టెని పిల్లల ముందు పెట్టింది.

నాలుగో నంబరు తన జోడు తీసుకుని పెట్టుకుంది. తలుపు సందులోంచి క్లాసులోకి చూసింది.

"మేడం, నల్లబోర్డు మీద ఇన్నాళ్ళూ అక్షరాలున్నాయా?"